తరగతిలోని ప్రతిభను పిల్లల చేతనే గుర్తింపజేయడం ఎలా? ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ళ క్రితం ఏడో తరగతి పిల్లలకు తెల్లకాగితాలిచ్చి, “మన బడిలో ఏదైనా వస్తువు పాడైతే, పెద్దవాళ్ళు వచ్చేలోగా దాన్ని ఎవరు బాగుచేయగలరు? వాళ్ళు అలా చేయగా మీరెప్పుడు చూశారు?” అని మొదటిసారి అడిగాను. 40 మందిలో 11 మంది ఒకే అబ్బాయి పేరు రాశారు. ఒక చీటీలో ఇలా ఉంది: “చేతులు కడుక్కునే చోట కుళాయి ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క కోసి గట్టిగా చుట్టి నీళ్ళు ఆపాడు. సార్లకు చెప్పొద్దన్నాడు.” ఆ అబ్బాయికి అంతకు ముందు వారమే నేను పెట్టిన లెక్కల పరీక్షలో 25కు 7 మార్కులు వచ్చాయి. రెండేళ్ళుగా పాఠం చెబుతున్న నాకు తెలియని సంగతి, పక్కన కూర్చుని అన్నం తినే పిల్లలకు తెలుసు.

మనం పిల్లలను చూసేది ఎక్కువగా పాఠం జరిగేటప్పుడే కాబట్టి జ్ఞాపకశక్తి, చేతిరాత, చురుగ్గా జవాబు చెప్పడం, అణకువ మన కంటికి వెంటనే ఆనతాయి. భోజనాల వరుసలో తగవు వస్తే ఎవరి మాటకు ఇద్దరూ తగ్గుతారో, ఇంటికి వెళ్ళే దారిలో కథ ఎవరు చెబుతారో, అర్థం కాని లెక్కను పక్కవాడికి మనకన్నా తేలికగా ఎవరు విప్పి చెబుతారో తోటి పిల్లలకే కనిపిస్తుంది. ఇక ఇంటి దగ్గర, పొలంలో, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చేసే పనులు ఆ బిడ్డకు తప్ప బడిలో ఎవరికీ తెలియవు. అందుకే తోటివారినీ, ఆ బిడ్డనూ ఇద్దరినీ అడగాలి.

పెద్దల అంచనా, పరీక్ష రెండూ కలిసినా కొందరు జారిపోతారనడానికి పాత ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో కాలిఫోర్నియా బడుల నుంచి అసాధారణ ప్రతిభావంతులను ఎంచే పెద్ద అధ్యయనం మొదలుపెట్టి, ప్రధానంగా ఉపాధ్యాయులు సూచించిన పిల్లలకు తెలివితేటల పరీక్ష పెట్టాడు. ఆ వడపోతలో నిలవని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. వారికి భౌతికశాస్త్రంలో 1956లో, 1968లో నోబెల్ బహుమతులు వచ్చాయి. మన దగ్గర తెలంగాణలోని ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం చదువు మధ్యలో ఆగిపోయినవారే. చీర చీరకూ వేలసార్లు చేయి ఆడించి ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని వరుసగా చుట్టే) తల్లి కష్టం చూసి ఆయన తయారుచేసిన ఆసు యంత్రం ఆయనకు 2017లో పద్మశ్రీ తెచ్చిపెట్టింది.

జాతీయ విద్యావిధానం-2020 కూడా ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుల అంచనాతో పాటు విద్యార్థి స్వీయ అంచనా, తోటివారి అంచనా ఉండాలని చెప్పింది. నవ్వుముఖం బొమ్మల్లో ఒకదానిపై టిక్కు పెట్టించి ఆ గడి నింపేస్తే పిల్లల గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి, అంటే పిల్లల చేత తోటివారి గురించి చీటీలు, తమ గురించి ఒక కాగితం రాయించడం, మార్కులు వేయడానికి కాదు, మన కంటపడని పిల్లలను వెతకడానికి.

మొదటి అడుగు: దొరికిన పిల్లలకు ఏమిస్తారో ముందే రాసిపెట్టుకోండి

ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు ఈ చీటీలు రాయించకపోవడమే మేలు. పిల్లలు నమ్మి రాస్తారు, ఏదో జరుగుతుందని ఎదురుచూస్తారు, ఏమీ జరగకపోతే మరుసటి ఏడాది నిజం రాయరు. పెద్ద అవకాశాలే అక్కర్లేదు. విద్యార్థుల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ అవార్డ్స్-మానక్‌కు బడి తరఫున 5 ఆలోచనలు పంపవచ్చు, ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. ఆ ఐదుగురినీ ఏటా మొదటి బెంచీ నుంచే ఏరే అలవాటు మానుకోవడానికి ఈ చీటీలు పనికొస్తాయి. కళా ఉత్సవ్ (బడిపిల్లల కళల పోటీ), బాలసభ, గోడపత్రిక, గ్రంథాలయం తాళంచెవి బాధ్యత, చిన్న తరగతి పిల్లలకు వారానికి ఒక గంట చదువు చెప్పే పని, ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్షకు శిక్షణ: వీటిలో మీ బడిలో నిజంగా జరిగే నాలుగింటిని కాగితం మీద పెట్టండి. మీరడిగే ప్రశ్నలు వీటికి దారితీసేలా ఉండాలి.

రెండో అడుగు: ఏ తరగతి, ఏ నెల

బడులు జూన్‌లో తెరుస్తారు. పిల్లలు ఒకరినొకరు చూసుకోవడానికి కనీసం మూడు నెలలు పడుతుంది కనుక దసరా సెలవుల తర్వాత పెట్టుకోవడం మంచిది. పరీక్షల వారంలోనూ, మార్కులు చెప్పిన వారంలోనూ పెట్టకూడదు. అప్పుడు పిల్లల మనసులో ఉండేది మార్కుల వరుసే, చీటీల్లోనూ అదే వస్తుంది.

రాతపూర్వకంగా అడగడం నాలుగో తరగతి నుంచి సాగుతుంది. అంతకన్నా చిన్నవారికి కష్టపడటానికీ చేతనవడానికీ మధ్య తేడా స్పష్టంగా ఉండదు, ఎవరు ఎక్కువసేపు చేస్తే వారే గొప్ప అనుకుంటారు. జాన్ నికల్స్ అనే పరిశోధకుడు 1978లోనే ఈ సంగతి చూపాడు, పదకొండు పన్నెండేళ్ళకు గాని ఆ తేడా పూర్తిగా తెలియదన్నాడు. మొదటి మూడు తరగతుల వారిని విడివిడిగా పిలిచి, “నీకు బొమ్మ గీయడం ఎవరు నేర్పారు?” వంటి ఒకటి రెండు మాటలు అడిగి మనమే రాసుకోవాలి.

మూడో అడుగు: ప్రశ్నలు తయారుచేయడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. “మీ తరగతిలో తెలివైనవారు ఎవరు?” అని అడిగితే మార్కుల పట్టికలో మొదటి ర్యాంకు పేరే తిరిగొస్తుంది. తెలివి అనే మాటకు బడిలో ఉన్న అర్థం మార్కులే కాబట్టి ఆ జవాబు రాసిన పిల్లలది తప్పు కాదు. గుణాన్ని కాకుండా పనిని అడగాలి. ఒక సందర్భం చెప్పి, అందులో ఎవరి దగ్గరకు వెళ్తారో అడగాలి. ఆ వెంటనే, “మీరు చూసింది ఏమిటి?” అని తప్పకుండా అడగాలి. ఈ రెండో భాగం లేని ప్రశ్న ఓట్ల పెట్టెతో సమానం.

నా దగ్గర నిలిచిన ప్రశ్నలు ఇవి. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. రెండో భాగం రాయని ప్రశ్నల చివర “మీరు చూసింది ఏమిటి?” అని చేర్చుకోండి.

1. వార్షికోత్సవానికి మనమే నాటకం వేయాలి, కథ ఇంకా లేదు. కథ అల్లే పని ఎవరికి అప్పగిస్తారు? వాళ్ళు సొంతంగా చెప్పిన కథ ఏదైనా విన్నారా?
2. నిన్నటి లెక్క మీకు అర్థం కాలేదు, సారు సెలవులో ఉన్నారు. ఎవరి దగ్గరకు వెళ్తారు? వాళ్ళు ఎలా చెబుతారు?
3. బడిలో వస్తువు పాడైంది. పెద్దవాళ్ళు వచ్చేలోగా ఎవరు బాగుచేస్తారు?
4. కబడ్డీలో తగవు వచ్చింది. ఎవరొచ్చి మాట్లాడితే రెండు జట్లూ వింటాయి?
5. ఎవరికీ తోచని ప్రశ్నలు అడిగేది ఎవరు? అలాంటి ప్రశ్న ఒకటి గుర్తుంటే రాయండి.
6. చెట్లు, పిట్టలు, పశువులు, పంటల గురించి ఎవరిని అడిగితే బాగా చెబుతారు?
7. తెలుగు కాకుండా ఇంకో భాషలో పాటలు, పొడుపుకథలు, కథలు ఎవరికి వచ్చు?
8. పని అయిపోయినా, ఇంకా బాగా రావాలని చెరిపి మళ్ళీ చేసేది ఎవరు?

చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు. జోసెఫ్ రెంజుల్లి 1978లో ప్రతిభను మూడు వలయాలుగా వివరించినప్పుడు సగటుకు మించిన సామర్థ్యం, సృజన అన్నవాటి పక్కనే పట్టిన పని వదలని గుణాన్ని కూడా పెట్టాడు. ఆ గుణం పరీక్ష పేపర్లో కనిపించదు, పక్క బెంచీ వారికి కనిపిస్తుంది. ఏడో ప్రశ్న కూడా నా దృష్టిలో ముఖ్యమైనదే. ఇంట్లో లంబాడీ, కోయ, గోండి మాట్లాడే బిడ్డ తెలుగు తరగతిలో మౌనంగా కూర్చున్నంత మాత్రాన మాటలు రాని బిడ్డ అయిపోదు. ఒకసారి ఒక అమ్మాయి గురించి, “తండాలో పెళ్ళయితే వీళ్ళ అమ్మతో కలిసి పాట మొదలుపెట్టేది ఈమే” అని ఇద్దరు రాశారు. నా తరగతిలో ఆ అమ్మాయి ఏడాది మొత్తంలో పది మాటలు కూడా మాట్లాడి ఉండదు.

ఏ పరిస్థితిలోనూ అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. “ఎవరికి ఏమీ రాదు”, “ఎవరితో కూర్చోవడం ఇష్టం లేదు” వంటివి సరదాకైనా వద్దు. ఆ జవాబులు రహస్యంగా ఉండవు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తాయి. అందచందాలు, ఇంటి స్థితి, కులం తలపుకు వచ్చే మాటలేవీ ప్రశ్నలో ఉండకూడదు.

ఒక్కో ప్రశ్నకు ముగ్గురి పేర్లకు మించి అడగవద్దు. అబ్బాయిలు అబ్బాయిల పేర్లే, అమ్మాయిలు అమ్మాయిల పేర్లే రాయడం మామూలు కాబట్టి, “కనీసం ఒక అబ్బాయి పేరు, కనీసం ఒక అమ్మాయి పేరు రెండూ ఉండాలి” అనే నియమం పెట్టండి. ముఖ్యంగా మూడో ప్రశ్నలో ఈ నియమం లేకపోతే ఒక్క అమ్మాయి పేరూ రాదు. పెట్టాక చూస్తే, రేడియో విప్పి మళ్ళీ బిగించిన అమ్మాయి ఉంటుంది. ఒక్కసారికి ఆరు ప్రశ్నలు చాలు.

నాలుగో అడుగు: ఎవరి గురించి వారు రాసుకునే కాగితం

ఇది తోటివారి చీటీలకు రెండు రోజుల ముందే జరగాలి. వరుస మారితే పిల్లలు ఇతరుల గురించి రాసి వచ్చిన పోలికతోనే తమను చూసుకుంటారు. ఈ పోలిక ఎంత బలమైనదో హెర్బర్ట్ మార్ష్ వంటి పరిశోధకులు వివరంగా చూపారు. ఒకే స్థాయి గల ఇద్దరిలో, బాగా చదివే తరగతిలో ఉన్న బిడ్డ తనను తక్కువగానూ, సాధారణ తరగతిలో ఉన్న బిడ్డ తనను ఎక్కువగానూ అనుకుంటారు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్న మన సామెత చెప్పేది ఈ సంగతిలో సగమే. మర్రిచెట్ల మధ్య పెరిగిన మామిడి మొక్క తనను గడ్డిపోచ అనుకోవడం రెండో సగం, ఎంపిక చేసిన సెక్షన్లలో చదివే పిల్లల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది.

మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. తన గురించి తాను చెప్పుకుంటే సొంత డబ్బా అంటారని చిన్నప్పటి నుంచీ విని ఉంటారు. “నీ ప్రతిభ ఏమిటి?” అంటే పెన్ను కొరుకుతూ కూర్చుంటారు, లేదా “క్రికెట్” అని రాసి ఇచ్చేస్తారు. ఇక్కడ కూడా పని గురించే అడగాలి: ఏ పని చేస్తుంటే నీకు పొద్దు తెలియదు? నువ్వు ఎవరికైనా, చెల్లికైనా తమ్ముడికైనా, నేర్పిన పని ఏది? ఎవరూ చెప్పకపోయినా నీ అంతట నువ్వే నేర్చుకున్నది ఏమిటి? నీకు వచ్చునని బడిలో ఎవరికీ తెలియని పని ఏది? ఇంకాస్త బాగా రావాలని దేని కోసం కోరుకుంటున్నావు? నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులను తీరిగ్గా కూర్చుని చదవండి. నోటుపుస్తకం చివరి పేజీల్లో పద్యాలు రాసుకునే బిడ్డ, నాన్నతో మిర్చి యార్డుకు వెళ్ళి తూకం లెక్క నోటితోనే కట్టే బిడ్డ అక్కడే బయటపడతారు.

రాయడం కష్టమైన పిల్లలను పక్కకు పిలిచి వాళ్ళు చెబుతుంటే మీరే రాయండి. లేకపోతే ఈ కాగితం కూడా చేతిరాత పరీక్షగా మిగిలిపోతుంది.

ఐదో అడుగు: ఆ గంటలో చేయవలసినవి

పూర్తి పీరియడ్ ఒకటి కేటాయించి, పిల్లలను దూరం దూరంగా కూర్చోబెట్టాలి. పేర్లన్నీ నల్లబల్ల మీద హాజరు పట్టిక వరుసలో రాయాలి. ఆ రోజు రాని వారి పేర్లు కూడా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కంటి ముందు లేనివారిని పిల్లలు మరిచిపోతారు. పత్తి తీతల రోజుల్లో బడికి రాని పిల్లలే ఈ వెతుకులాటలో మనకు ముఖ్యులు.

కాగితం మీద పేరుకు బదులు రోల్ నంబరు వేయించండి. ఎవరు రాశారో నాకు తెలుస్తుందని, ఇంకెవరికీ చూపించనని, దీనికి మార్కులు లేవని ఉన్నదున్నట్టు చెప్పండి. అసలు తెలియదని అబద్ధం చెప్పకూడదు, నంబరు వేయించిన సంగతి పిల్లలు గమనించరనుకోవడం మన భ్రమ. “స్నేహితుడి పేరు రాయవచ్చు, కానీ చూసింది రాయగలిగితేనే” అన్న ఒక్క మాట సగం పక్షపాతాన్ని తగ్గిస్తుంది. చీటీలు పోగుచేసే పని క్లాసు లీడరుకు అప్పగించకండి, మీరే తిరిగి తీసుకోండి.

ఆరో అడుగు: లెక్క వేయడం

ఒక పెద్ద కాగితం మీద నిలువున పిల్లల పేర్లు, అడ్డంగా ప్రశ్నలు రాసి గీతలు పెట్టుకుంటూ వెళ్ళండి. మామూలు గీత కేవలం పేరు రాసినదానికి, గీత చుట్టూ సున్నా చూసిన సంగతి కూడా రాసినదానికి. మీ దగ్గర 42 మంది ఉన్నారనుకుందాం. నాలుగో ప్రశ్నకు ఒక అబ్బాయికి 9 గీతలు వచ్చి అందులో సున్నా ఒక్కదానికే ఉంటే, ఆ 9 మందీ ఒకే వీధి వారో, ఒకే జట్టులో ఆడేవారో అయి ఉండవచ్చు. అదే ప్రశ్నకు ఒక అమ్మాయికి 3 గీతలే వచ్చి మూడింటికీ సున్నాలుంటే, ఆ ముగ్గురిలో ఒక అబ్బాయి కూడా ఉంటే, నేను మొదట పిలిచేది ఆ అమ్మాయినే. స్నేహ వలయం బయటి నుంచి వచ్చిన ఒక్క సాక్ష్యం లోపలి నుంచి వచ్చిన నాలుగు పేర్ల కన్నా బరువైనది.

ఒకరి పేరు ఒకరు రాసుకున్న జంటలను పెన్సిలుతో గుర్తించండి. వాటిని కొట్టేయనక్కర్లేదు, స్నేహితులకే ఎక్కువ తెలుస్తుంది కూడా, కాకపోతే వేరే సాక్ష్యం ఉందో లేదో చూడాలి. ఎవరినీ ఇంత సంఖ్య దాటితే ప్రతిభావంతుడని, దాటకపోతే కాదని తేల్చకండి. ఈ లెక్క ఎవరిని దగ్గరగా చూడాలో చెబుతుంది, అంతే.

ఇక ఏ ప్రశ్నకూ ఒక్క గీత రాని పేర్లు ఉంటాయి. ప్రతి తరగతిలోనూ ఉంటాయి. వారి స్వీయ కాగితాలను పక్కకు తీసి ఆ సాయంత్రమే చదవండి. కొత్తగా బడి మారి వచ్చినవారు, పదేపదే ఊరు వదిలి వలస వెళ్ళే కుటుంబాల పిల్లలు, మాట తడబడేవారు ఇక్కడే ఎక్కువగా కనిపిస్తారు. తోటివారు చూడలేదంటే ఆ బిడ్డకు చూపించే చోటు మనం కల్పించలేదన్నమాట.

ఏడో అడుగు: రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, చిన్న పని అప్పగించి చూడటం

తానూ రాసుకుని, తోటివారూ రాసిన ప్రతిభ విషయంలో పెద్దగా ఆలోచించనక్కర్లేదు, అవకాశం ఇవ్వడమే. రెండు కాగితాలూ కలవని చోటనే మన పని. పదిమంది “లెక్క ఈమె చెబితే అర్థమవుతుంది” అని రాసినా, ఆ అమ్మాయి తన కాగితంలో “నాకు ఏమీ రాదు” అని రాయడం నేను చాలాసార్లు చూశాను. ఇంట్లో అన్నతో పోల్చడం, ఎప్పుడో ఒకసారి జవాబు తప్పు చెబితే తరగతి నవ్వడం వంటి కారణాలు వెనుక ఉంటాయి. అలాంటి బిడ్డను ఒక్కసారిగా వేదిక ఎక్కించకూడదు. ఐదో తరగతి పిల్లలు ఇద్దరికి వారం రోజులు భాగహారం నేర్పమని అడిగితే చాలు, తనకు వచ్చునన్న సంగతి ఆ ఇద్దరి ముఖాల్లో తనకే కనిపిస్తుంది.

తాను రాసుకున్నా తోటివారెవరూ రాయని ప్రతిభను గొప్పలుగా కొట్టేయకండి. రెండు వారాల వ్యవధి పెట్టుకుని నిజమైన పని ఒకటి ఇవ్వండి. బొమ్మలు వస్తాయని రాసిన బిడ్డకు గోడపత్రికలో ఒక మూల, విత్తనాలు తెలుసని రాసిన బిడ్డకు బడితోటలో ఒక మడి ఇచ్చి, తేదీ వేసి చూసింది రాసుకోండి: అడగకుండా ఏం చేశారు, చెడిపోయినప్పుడు ఏం చేశారు, ఎంతసేపు నిలిచారు. కొందరి విషయంలో ఆసక్తి మాత్రమే ఉందని తేలుతుంది. అదీ మంచిదే, నేర్పేవారిని చూపిస్తే ఆసక్తి ముందుకు పోతుంది.

ఎనిమిదో అడుగు: పిల్లలతో, తల్లిదండ్రులతో చెప్పే మాట

ప్రార్థన సమయంలో పేర్లు చదవడం, చప్పట్లు కొట్టించడం, ప్రతిభావంతుల జాబితా అంటించడం చేయవద్దు. అంటించిన మరునాడే పేరు లేని పిల్లలు ప్రయత్నం మానేస్తారు, పేరున్న పిల్లలు తప్పు చేయడానికి భయపడతారు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, “నువ్వు తెలివైనదానివి” అని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత కష్టమైన ప్రశ్నలు ఎదురైనప్పుడు, కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లల కన్నా త్వరగా వెనకడుగు వేశారు.

అందువల్ల ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, రాసినవారి పేరు చెప్పకుండా, వారు చూసిన పనిని మాత్రం చెప్పండి. కుళాయి బాగుచేసిన అబ్బాయిని పిలిచి, “సైకిల్ ట్యూబుతో నీళ్ళు ఆపావట, ట్యూబే ఎందుకు వాడావు, తాడు ఎందుకు వద్దనుకున్నావు?” అని అడిగాను. తిడతాననుకుని మొదట తల దించుకున్నాడు. తర్వాత రబ్బరు సాగి బిగుసుకుంటుందని, తాడు అలా సాగదని పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు. భౌతికశాస్త్రంలో సాగే గుణం గురించి నేను చెప్పబోయే పాఠంలో సగం అందులోనే ఉంది.

ప్రతి బిడ్డకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. తోటివారి చీటీల్లో ఏమీ దొరకకపోతే స్వీయ కాగితంలోంచి తీసుకోండి. తల్లిదండ్రుల సమావేశంలో కూడా మార్కులకు ముందు ఇదే చెప్పండి, పోలిక లేకుండా, ఆ బిడ్డ చేసిన పని ఒక్కటే. “మావాడికి చదువు రాదు సార్” అంటూ లోపలికి వచ్చిన తండ్రికి ముందు కుళాయి సంగతి వినిపిస్తే, ఆ తర్వాత లెక్కల మార్కుల గురించి మాట్లాడటం ఎంతో తేలికవుతుంది.

తొమ్మిదో అడుగు: కాగితాలు ఏం చేయాలి

లెక్క పూర్తయ్యాక తోటివారి చీటీలను చింపి కాల్చేయండి, బీరువాలో పెడితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చదువుతారు. స్వీయ కాగితాలు ఎవరివి వారికి తిరిగి ఇవ్వండి. మీ దగ్గర ఉండవలసింది తేదీలతో మీరు రాసుకున్న పరిశీలన నోటుపుస్తకం మాత్రమే. ఫిబ్రవరిలో ప్రశ్నలు కొద్దిగా మార్చి ఇదంతా మరోసారి జరిపి, అక్టోబరులో ఒక్క గీత రాని పేర్లకు ఇప్పుడు ఏమైనా వచ్చాయేమో ముందుగా ఆ వరుసలే చూడండి. ఏప్రిల్‌లో తరగతి అప్పగించేటప్పుడు మార్కుల రిజిస్టరుతో పాటు ఆ నోటుపుస్తకాన్ని కూడా వచ్చే ఏడాది ఉపాధ్యాయుడి చేతికివ్వండి. ఎదురెదురుగా కూర్చుని, గీతలు రాని పిల్లల పేజీలు తెరిచి, ఒక్కొక్కరి గురించి రెండేసి నిమిషాలు నోటితో చెప్పండి.